క్లినికల్ రీసెర్చ్‌లో పీజీ శిక్షణ: ఒక్క ప్రశ్నను చివరిదాకా నడిపించడం ఎలా

క్లినికల్ రీసెర్చ్‌లో పీజీ చేయాలనుకునే డాక్టరుకైనా, నర్సుకైనా, ఫార్మసిస్టుకైనా, ఫిజియోథెరపిస్టుకైనా ముందుగా తెలియాల్సిన సంగతి ఒకటుంది. ఈ విద్య పాఠాలు వింటే రాదు. సొంత ప్రశ్న ఒకటి పట్టుకుని, ప్రోటోకాల్ (అధ్యయనం ఎలా చేస్తారో చెప్పే ప్రణాళిక పత్రం) రాసి, పేషెంట్ల హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీకి సమాధానం చెప్పి, డేటా సేకరించి, విశ్లేషించి, రాసి ముగిస్తేనే వస్తుంది. అందుకే కోర్సు ఎంపిక నుంచి థీసిస్ దాకా ప్రతి నిర్ణయం దగ్గరా ఒకటే అడగండి: ఇది నా ప్రశ్నను చివరిదాకా తీసుకెళ్లడానికి పనికొస్తుందా, లేదా?

చేరే ముందు లెక్క వేసుకోవాల్సినవి

మొదటి లెక్క సమయానిది. యూరప్ పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. 60 క్రెడిట్ల కోర్సుకు 1500 నుంచి 1800 గంటలు పడుతుంది. ఉద్యోగం చేస్తూ వారానికి 10 గంటలు కేటాయిస్తే తక్కువలో తక్కువ 150 వారాలు, అంటే దాదాపు మూడేళ్లు. వారానికి 15 గంటలు దొరికితే రెండేళ్లలో గట్టెక్కవచ్చు. "రాత్రి డ్యూటీ లేని రోజుల్లో చదువుకుంటాను" అనుకుని చేరినవాళ్లు డేటా సేకరణ దగ్గర చతికిలబడతారు. పాఠాలు రాత్రి చదువుకోవచ్చు కానీ, పేషెంటు దగ్గర సమ్మతి తీసుకోవడం పగలు వార్డులోనే జరగాలి. కాబట్టి వారంలో ఏ పూట మీది, ఆ పూట మీ డ్యూటీ ఎవరు చూస్తారు అన్నది మీ విభాగాధిపతితో ముందే మాట్లాడి కాగితం మీద పెట్టించుకోండి. నోటి మాటగా ఇచ్చిన వెసులుబాటు సిబ్బంది తక్కువైన మొదటి వారమే పోతుంది.

సర్టిఫికెట్ కావాలా, డిప్లొమా కావాలా, మాస్టర్స్ కావాలా అన్నది మీరు చేయబోయే పనిని బట్టి ఉంటుంది. ఇతరులు నడిపే ట్రయల్‌లో కోఆర్డినేటరుగా, సహ పరిశోధకుడిగా చేయడానికి గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ (ట్రయల్ నడపడానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణాలు) శిక్షణ, సర్టిఫికెట్ స్థాయి చదువు సరిపోతాయి. సొంతంగా అధ్యయనం రూపొందించాలంటే థీసిస్ ఉన్న మాస్టర్స్ అవసరం. ఏదీ తేల్చుకోలేకపోతే, అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ వారి క్లినికల్ రీసెర్చ్ పరిచయ కోర్సు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. అది విన్నాక ఆసక్తి నిలిచిందో లేదో చూసుకుని డబ్బు కట్టండి.

సంస్థను ఎంచుకునేటప్పుడు సిలబస్ కన్నా ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులే ఎక్కువ చెబుతాయి. ఒక్కో గైడ్ దగ్గర ఎంతమంది విద్యార్థులున్నారు? థీసిస్‌కు సొంత డేటా సేకరించవచ్చా, లేక పాత డేటాతో సరిపెట్టుకోవాలా? ప్రోటోకాల్ దశలోనే బయోస్టాటిస్టీషియన్‌తో (వైద్య గణాంకాల నిపుణుడితో) కూర్చునే గంటలు కోర్సులో భాగంగా ఉన్నాయా? ఎథిక్స్ అనుమతికి సగటున ఎన్ని నెలలు పడుతోంది? నాలుగో ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పే సంస్థలో నిజంగా అధ్యయనాలు జరుగుతున్నట్టు లెక్క. గత రెండు బ్యాచ్‌ల థీసిస్‌లు అడిగి తీసుకుని వాటిలో మెథడ్స్ భాగం చదవండి. శాంపిల్ సైజ్ (ఎంతమందిని చేర్చాలన్న సంఖ్య) ఎలా వచ్చిందో అర్థమయ్యేలా రాసి ఉంటే అక్కడ బోధన బాగున్నట్టే.

గైడ్లు ఇద్దరు కావాలి: జబ్బు తెలిసినవారు ఒకరు, పద్ధతి తెలిసినవారు ఒకరు. ఒకే మనిషిలో ఆ రెండూ ఉండటం అరుదు. రెండు వారాలకోసారి కలవండి. వెళ్లే ముందు రోజు ఒక్క పేజీ పంపండి: ఏం చేశాను, ఎక్కడ ఆగాను, మీరు తేల్చాల్సిందేమిటి. వచ్చాక తీసుకున్న నిర్ణయాలను అదే రోజు మెయిల్‌లో రాసి పెట్టండి. ఆరు నెలల తర్వాత "ఈ వయసు పరిమితి ఎందుకు పెట్టాం?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. అప్పుడు ఆ మెయిలే జవాబు.

ప్రశ్నను పనికొచ్చేలా చెక్కడం

మొదటి రెండు నెలలు ప్రశ్న మీదే గడిచినా అది వృథా కాదు. చాలా థీసిస్‌లు చెడిపోయేది ఇక్కడే. ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా దానితోనే వెళదాం. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన వృద్ధుల్లో డెలీరియం (హఠాత్తుగా వచ్చే మతి గందరగోళం) తరచూ వస్తుంది. తొందరగా లేపి నిలబెడితే అది తగ్గుతుందేమోనని వార్డులో ఒకరికి అనిపించింది. "తొందరగా కదిలిస్తే మంచిదా?" అన్నది కుతూహలమే, ఇంకా పరిశోధన ప్రశ్న కాలేదు. ఎవరిలో, ఏం చేస్తే, దేనితో పోలిస్తే, ఏ ఫలితం, ఎంత కాలంలో అన్న అయిదూ పూరిస్తే ఇలా అవుతుంది: 65 ఏళ్లు దాటి, తుంటి ఎముక ఆపరేషన్ అయినవారిని 24 గంటల్లోపు నిలబెడితే, మామూలు ఫిజియోథెరపీ క్రమంతో పోల్చినప్పుడు, మొదటి 5 రోజుల్లో డెలీరియం వచ్చేవారి నిష్పత్తి తగ్గుతుందా?

ఇందులో ప్రతి మాటా ఒక నిర్ణయమే. ఆ 24 గంటలు ఎప్పటి నుంచి: ఆపరేషన్ ముగిసిన నిమిషం నుంచా, వార్డుకు వచ్చాకా? నిలబెట్టడం అంటే ఎన్ని సెకన్లు, ఎంతమంది పట్టుకుని? "మామూలు క్రమం" అంటే కాగితం మీద ఉన్నదా, నిజంగా జరిగేదా? మీ వార్డులో ఇప్పటికే సగం మందిని మొదటి రోజే లేపుతుంటే మీరు పోల్చబోయే రెండు గుంపుల మధ్య పెద్ద తేడా ఉండదు. అందుకే ప్రశ్న ఖాయం చేసే ముందు రెండు వారాలు వార్డులో జరిగేదంతా సమయాలతో సహా రాసుకోండి.

ఫలితాన్ని ఎంచుకోవడంలో తొందర కూడదు. సులువుగా కొలవగలిగేదాన్ని పట్టుకుని, పేషెంటుకు నిజంగా కావాల్సినదాన్ని వదిలేయడం పరిశోధనలో పాత జబ్బు. గుండెపోటు తర్వాత గుండె లయ తప్పడాన్ని ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అణచివేస్తాయి కాబట్టి ప్రాణాలూ నిలబెడతాయని వైద్యులు నమ్మారు. ఈ నమ్మకాన్ని పరీక్షించిన కాస్ట్ (CAST) అనే ట్రయల్‌లో ఆ మందులు వాడినవారిలోనే, ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) తీసుకున్నవారికన్నా ఎక్కువ మంది చనిపోయారు. 1989లో ఆ భాగాన్ని ఆపేయాల్సి వచ్చింది. ఈసీజీలో మెరుగైన గీత బతుకుకు హామీ కాలేదు. ప్రాథమిక ఫలితం ఒక్కటే ఉండాలి, అది పేషెంటుకు పట్టేదై ఉండాలి, ఎవరు ఏ సాధనంతో ఏ వేళకు కొలుస్తారో ముందే తేలాలి.

మన ఉదాహరణకు డెలీరియాన్ని పసిగట్టే 4ఏటీ పరీక్ష బాగా సరిపోతుంది. మెలకువ, నాలుగు చిన్న ప్రశ్నలు, నెలల పేర్లు వెనక నుంచి చెప్పించడం, హఠాత్తుగా వచ్చిన మార్పు అనే నాలుగు అంశాలకు 0 నుంచి 12 వరకు మార్కులు, 4 లేదా ఆపైన వస్తే డెలీరియం అనుమానించాలి. అయితే డెలీరియం రోజంతా ఒకేలా ఉండదు, పొద్దున బాగున్న మనిషి సాయంత్రానికి తారుమారవుతాడు. రోజుకు ఒక్కసారే చూస్తే చాలామంది తప్పిపోతారు. ఉదయం, సాయంత్రం రెండుసార్లు చూడాలి. అలాగైతే ఒక్కో పేషెంటుకు 10 పరీక్షలు. 60 మందికి 600. పరీక్ష చిన్నదే అయినా, మంచం దగ్గరికి వెళ్లి, నిద్రలేపి, చేసి, రాసేసరికి 10 నిమిషాలు పడితే మొత్తం 100 గంటలు. ఈ 100 గంటలు ఎవరివో ప్రోటోకాల్‌లో పేరు పెట్టి రాయాలి. ఇద్దరు ముగ్గురు పరీక్షకులుంటే ముందుగా 20 మందిని విడివిడిగా చూసి మార్కులు పోల్చుకోవాలి. తేడాలుంటే వాటిని అప్పుడే తేల్చుకోవాలి. డేటా వచ్చాక దిద్దడం కుదరదు.

శాంపిల్ సైజ్, దాని తర్వాత వచ్చే నిజం

మామూలు క్రమంలో 30 శాతం మందికి డెలీరియం వస్తుందనీ, తొందరగా నిలబెడితే అది 20 శాతానికి దిగుతుందనీ అనుకుందాం. 5 శాతం ఆల్ఫా (లేని తేడా ఉన్నట్టు పొరబడే అవకాశం), 80 శాతం పవర్‌తో (ఉన్న తేడాను పట్టుకునే అవకాశం) లెక్క ఇలా సాగుతుంది: ఆ రెండింటికీ సరిపోయే పట్టిక విలువలు 1.96, 0.84 కలిపి వర్గం చేస్తే సుమారు 7.85. దాన్ని 0.3 × 0.7, 0.2 × 0.8ల మొత్తమైన 0.37తో గుణించి, తేడా 0.1 వర్గంతో భాగిస్తే గుంపుకు 291 మంది. అదే తేడా 30 నుంచి 25కే అయితే గుంపుకు సుమారు 1250 మంది కావాలి. తేడా సగమైతే అవసరమైన సంఖ్య నాలుగు రెట్లు దాటిపోతుంది. అందుకే "ఎంత తేడా వస్తే వైద్యం మార్చుకుంటాం?" అన్నది స్టాటిస్టీషియన్ తేల్చే విషయం కాదు. జబ్బు తెలిసినవాళ్లు, వీలైతే పేషెంట్లు కూర్చుని తేల్చాలి.

మధ్యలో తప్పుకునేవారు 10 శాతం ఉంటారనుకుంటే 291ని 0.9తో భాగించాలి, 324 వస్తుంది. చాలామంది 10 శాతం కలిపి 321 అని రాస్తారు. 321లో 10 శాతం పోతే 289 కూడా మిగలరు. ఎథిక్స్ కమిటీలో లెక్క తెలిసిన సభ్యుడు మొదట చూసేది ఇలాంటి చోటే.

ఒకే వార్డులో కొందరిని తొందరగా లేపి, కొందరిని లేపకుండా ఉంచడం సిబ్బందికి కష్టం. నాలుగు వారాలు తిరిగేసరికి అందర్నీ లేపడం అలవాటైపోతుంది. అందుకని వార్డును వార్డుగా రాండమైజ్ చేద్దామంటే (ఏ వార్డు ఏ గుంపో లాటరీలా తేలుద్దామంటే) మరో మూల్యం ఉంది. ఒకే వార్డు పేషెంట్లు ఒకరినొకరు పోలి ఉంటారు కాబట్టి అందరినీ విడివిడిగా లెక్కించకూడదు. క్లస్టర్‌కు (ఇక్కడ వార్డుకు) 20 మంది, లోపలి సారూప్యం 0.05 అయితే సంఖ్యను 1 + 19 × 0.05, అంటే 1.95తో గుణించాలి. 291 కాస్తా 568 అవుతుంది. పైగా వార్డులు రెండే ఉంటే ఆ పద్ధతి అసలు పనికిరాదు. తేడా వైద్యం వల్ల వచ్చిందో, వార్డు వల్ల వచ్చిందో విడదీయలేం.

ఇప్పుడు రిజిస్టరు తెరవండి. నెలకు 40 ఆపరేషన్లు జరుగుతున్నాయనుకుందాం. 65లోపు వారిని, ఆపరేషన్‌కు ముందే డెలీరియంలో ఉన్నవారిని, కాలు మోపకూడదని సర్జన్ చెప్పినవారిని తీసేస్తే 24 మంది మిగులుతారు. వారిలో సగం ఒప్పుకుంటే 12. రెండు గుంపులకు 648 మందిని చేర్చడానికి 54 నెలలు, నాలుగున్నరేళ్లు! అధ్యయనం మొదలుకాగానే అర్హులైన పేషెంట్లు ఉన్నట్టుండి తగ్గిపోతారని పరిశోధకుల్లో ఒక నానుడి ఉంది, దాన్ని లసాన్యా సూత్రం అంటారు. కాబట్టి ఆ 12 కూడా ఆశావహమైన అంకెగానే తీసుకోండి.

ఈ లెక్క చూసి ప్రశ్న వదిలేయక్కర్లేదు. సంఖ్యను నచ్చినట్టు తగ్గించుకోవడం మాత్రం కూడదు. థీసిస్ స్థాయికి సరైన దారి ఫీజిబిలిటీ అధ్యయనం, అంటే పెద్ద ట్రయల్ నడపడం సాధ్యమా అని చూసే చిన్న అధ్యయనం. 5 నెలల్లో 120 మందిని అడిగితే 60 మంది చేరతారు. సమ్మతి నిష్పత్తి 50 శాతం అని, అటూ ఇటూ 9 శాతం తేడాతో చెప్పగలరు. పెద్ద ట్రయల్ నిలుస్తుందో లేదో చెప్పే గీతలు ముందే గీసుకోవాలి. ఉదాహరణకు, అడిగినవారిలో 40 శాతానికి తక్కువ కాకుండా చేరడం, కేటాయించినవారిలో 75 శాతం మందినైనా 24 గంటల్లో నిలబెట్టగలగడం, 30వ రోజున 80 శాతం మంది సమాచారం దొరకడం. ఇలాంటి అధ్యయనంలో డెలీరియం తగ్గిందా అని పి-విలువ (అసలు తేడా లేకున్నా ఇంత తేడా కనిపించే అవకాశం) చూడకూడదు. 60 మందిలో కనిపించే తేడా ఎటైనా ఊగుతుంది. ఆ తేడానే పట్టుకుని అసలు ట్రయల్ శాంపిల్ సైజ్ లెక్కించడం ఇంకా పెద్ద తప్పు.

"ట్రయల్ ఎందుకు, పాత కేస్ షీట్లు తీసి 24 గంటల్లో నిలబడ్డవారినీ, నిలబడనివారినీ పోలుస్తాను" అనే ఆలోచన ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. అందులో రెండు గుంటలున్నాయి. తొందరగా నిలబడ్డవారు మొదటి నుంచీ ఆరోగ్యంగా ఉన్నవారు. ఇది చాలామందికి తెలుసు, సర్దుబాటు చేస్తామంటారు. రెండోది కంటికి కనిపించదు. ఆపరేషన్ అయిన 10 గంటలకే డెలీరియం వచ్చిన మనిషిని ఎవరూ నిలబెట్టరు, అతను "నిలబడని" గుంపులో పడతాడు. నిలబడ్డ గుంపులో చేరాలంటే అప్పటిదాకా డెలీరియం రాకుండా ఉండాలి. వైద్యం ఏ పనీ చేయకపోయినా అది పనిచేసినట్టే కనిపిస్తుంది. ఏ రీగ్రెషనూ (ఇతర తేడాలను సర్దుబాటు చేసే గణాంక పద్ధతి) దీన్ని మామూలుగా సరిదిద్దదు. రెండు గుంపులకూ కాలం ఒకే గడియ నుంచి లెక్కించేలా అధ్యయనాన్నే మార్చి రాయాలి.

ప్రోటోకాల్, ఎథిక్స్, రిజిస్ట్రేషన్

థీసిస్ కాలాన్ని చివరి నుంచి మొదటికి లెక్కపెట్టండి. రాయడానికి 3 నెలలు, విశ్లేషణకు 2, చేర్చుకోవడానికి, 30 రోజుల ఫాలో అప్‌కు కలిపి 6, ఎథిక్స్‌కు 3, ప్రోటోకాల్‌కు 3. మొత్తం 17 నెలలు. మీకున్నది 12 నెలలే అయితే ఎక్కడ కోయాలో ఇప్పుడే తెలుస్తుంది. సాధారణంగా కోయాల్సింది డేటా పరిధిని. రాసే సమయంలో కోత పెట్టినవాళ్లు చివర్లో మరో సెమిస్టర్ ఫీజు కట్టాల్సి వస్తుంది.

ట్రయల్ ప్రోటోకాల్‌కు స్పిరిట్ చెక్‌లిస్టు, వచ్చిన ఫలితాలు రాయడానికి కన్సార్ట్ చెక్‌లిస్టు ఉన్నాయి. రెండింటికీ 2025లో కొత్త ప్రతులు వచ్చాయి, పాత కాపీ పట్టుకోవద్దు. పరిశీలనాత్మక అధ్యయనాలకు 22 అంశాల స్ట్రోబ్ ఉంది. చెక్‌లిస్టు పని చివర్లో టిక్కులు పెట్టడం కాదు. మొదటి రోజే దాని శీర్షికలతో ఖాళీ పత్రం తయారుచేసుకుని పూరిస్తూ పోతే మరిచిపోయిన నిర్ణయాలు వాటంతటవే బయటపడతాయి.

రాండమైజేషన్ భాగంలో ఎక్కువ మంది తడబడతారు. రోజు విడిచి రోజు, ఆసుపత్రి నంబరు సరి బేసి అనేవి రాండమైజేషన్ కావు. రాబోయేది ఏ గుంపో తెలిసిపోతుంది కాబట్టి, బలహీనంగా ఉన్న పేషెంటును ఎవరో ఒకరు మంచి మనసుతోనే రేపటికి వాయిదా వేస్తారు. బ్లాకు (రెండు గుంపులూ సమంగా వచ్చేలా కట్టిన కేటాయింపుల వరుస) ఎప్పుడూ 4 అని తెలిసినా ఇదే జరుగుతుంది, మూడు తెలిస్తే నాలుగోది ఊహించవచ్చు. 4, 6 బ్లాకులను కలగలిపి, ఆ సంగతి చేర్చుకునేవారికి తెలియకుండా ఉంచండి. వెబ్‌లోనో, ఫోన్‌లోనో కేంద్రం నుంచి కేటాయింపు వస్తే మంచిది. కవర్లే గతైతే వెలుతురుకు పెట్టినా కనిపించనివి, వరుస నంబర్లున్నవి వాడి, పేషెంటు పేరు రాశాకే చించాలి. ఈ ట్రయల్‌లో పేషెంటు దగ్గరా, ఫిజియోథెరపిస్టు దగ్గరా గుంపు దాచలేం. 4ఏటీ చేసేవారి దగ్గర మాత్రం దాచవచ్చు. వారు కేస్ షీటు తెరవకూడదు, పేషెంటును తన వ్యాయామం గురించి చెప్పొద్దని ముందే కోరాలి. చివర్లో "ఇతను ఏ గుంపు అనుకుంటున్నారు?" అని పరీక్షకులను అడిగి రాసుకుంటే బ్లైండింగ్ (గుంపు దాచడం) ఎంత నిలిచిందో తెలుస్తుంది.

సమ్మతి పత్రం విషయంలో ఈ పేషెంట్లు ప్రత్యేకం. నొప్పిలో, మందుల మత్తులో ఉన్న వృద్ధుడు పెట్టిన సంతకం సమ్మతి కాదు. వీలైనంతవరకు ఆపరేషన్‌కు ముందే మాట్లాడండి. అర్థమైందా అని అడిగితే అందరూ అవుననే అంటారు. "మేం ఏం చేయబోతున్నామో మీ మాటల్లో చెప్పండి" అని అడగండి. నిర్ణయించుకునే స్థితి లేనివారి తరఫున చట్టబద్ధ ప్రతినిధి సమ్మతి ఇస్తే, పేషెంటు తేరుకున్నాక మళ్లీ అతన్నే అడగాలి. వద్దంటే ఏం చేస్తారో ప్రోటోకాల్‌లో ఉండాలి. 1964 నాటి హెల్సింకీ ప్రకటనను చివరగా 2024లో సవరించారు. దాన్ని పరీక్ష కోసం కాకుండా, ఈ పేజీ రాసేటప్పుడు పక్కన పెట్టుకుని చదవండి.

ఎథిక్స్ కమిటీ నుంచి ఫైలు వెనక్కి రావడానికి కారణాలు ఎక్కువగా చిన్నవే. ప్రోటోకాల్‌లో 5 రోజులు, సమాచార పత్రంలో 7 రోజులు అని ఉండటం, డేటా ఎక్కడ ఎన్నేళ్లు దాస్తారో రాయకపోవడం, పేషెంటు కింద పడి గాయపడితే ఖర్చు ఎవరిదో చెప్పకపోవడం, సమాచార పత్రం వైద్యుల భాషలో ఉండటం. పంపే ముందు వైద్యంతో సంబంధం లేని ఒకరితో సమాచార పత్రం చదివించండి, ప్రతి అంకెనూ రెండు పత్రాల్లోనూ వెతికి సరిచూడండి. ఒక సాయంత్రం పని, రెండు నెలలు మిగులుతాయి.

ట్రయల్ అయితే మొదటి పేషెంటును చేర్చకముందే పబ్లిక్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ 2005 నుంచి దీన్ని ప్రచురణకు షరతుగా పెట్టింది. ఒక్క పేషెంటు తర్వాత నమోదు చేసినా మంచి జర్నల్ తలుపు మూసుకోవచ్చు. గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ మార్గదర్శకం ఈ6 మూడో సవరణ 2025 జనవరిలో ఖరారైంది. మీ సర్టిఫికెట్ అంతకుముందుదైతే శిక్షణ మళ్లీ తీసుకోండి.

డేటా ఫారం

ఫారంలో ప్రతి గడికీ ఒక ఉద్యోగం ఉండాలి. ఏ పట్టికలోకి వెళుతుందో చెప్పలేని గడిని కొట్టేయండి. "ఎందుకైనా మంచిది" అని చేర్చిన 40 గడులు అలసిన నర్సు చేత అసలైన 20 గడులను కూడా ఖాళీగా వదిలేయిస్తాయి. ఖాళీ గడికి అర్థం లేదు: పరీక్ష చేయలేదా, చేసినా రాయలేదా, ఈ పేషెంటుకు వర్తించదా? మూడింటికీ మూడు వేర్వేరు కోడ్లు పెట్టండి. తేదీ ఏడాది, నెల, రోజు క్రమంలో ఉంటే 3వ నెల 4వ తేదీ, 4వ నెల 3వ తేదీగా మారదు. సమయం 24 గంటల పద్ధతిలో రాయాలి, ఈ అధ్యయనం అంతా గంటల మీదే నడుస్తోంది. పేరు, ఫోన్ ఒక ఫైల్లో, అధ్యయన నంబరుతో డేటా మరో ఫైల్లో, రెండింటినీ కలిపే జాబితా తాళం వేసిన చోట ఉండాలి.

ఎక్సెల్‌లో నేరుగా డేటా ఎక్కించకండి. అది తేదీలా కనిపించినదాన్నల్లా అడక్కుండా తేదీగా మారుస్తుంది. ఈ బెడద తట్టుకోలేక 2020లో జన్యువులకు పేర్లు పెట్టే కమిటీయే కొన్ని మానవ జన్యువుల పేర్లు మార్చింది. రెడ్‌క్యాప్ వంటి డేటా సేకరణ వ్యవస్థ మీ సంస్థలో ఉంటే అదే వాడండి. పరిధులు పెట్టవచ్చు, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దానంతటదే నమోదవుతుంది. కాగితం మీదైతే తప్పును ఒక్క గీతతో కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీ, పొట్టి సంతకం పెట్టాలి. వైట్నర్ వాడిన ఫారం ఆడిట్‌లో నిలవదు. అసలు మొదలుపెట్టే ముందు ఫారాన్ని 5గురు పేషెంట్ల మీద నింపి చూడండి. మొదటి ఇద్దరికే నాలుగైదు గడులు మార్చాల్సి వస్తుంది.

పేషెంటు పడిపోవడం, ఐసీయూకి వెళ్లడం, చనిపోవడం లాంటి తీవ్ర ఘటనలు తెలిసిన వెంటనే, సాధారణంగా 24 గంటల్లోపు, చెప్పాల్సినవారికి చెప్పాలి. "దీనికీ మన వైద్యానికీ సంబంధం లేదనిపించింది" అని ఆగకండి. సంబంధం ఉందో లేదో తేల్చడం తర్వాతి మాట, ముందు సమాచారం వెళ్లాలి. మరొకటి: 60 మందిలో ఎవరూ పడలేదంటే ప్రమాదం సున్నా అని కాదు. ఎవరికీ జరగనప్పుడు పై హద్దు అంచనాకు 3ని 60తో భాగించండి. పడిపోయే రేటు 5 శాతం దాకా ఉన్నా ఇలా సున్నా కనిపించవచ్చు.

విశ్లేషణ, రాత

విశ్లేషణ ప్రణాళిక డేటా తెరవకముందే తేదీతో సంతకం చేసి పెట్టాలి. ఖాళీ పట్టికలు గీసి, ఏ గడిలో ఏ అంకె వస్తుందో రాసుకుంటే అదే సగం ప్రణాళిక. ఇది లేకపోతే 20 పోలికలు చేసి నచ్చినది చూపించే ప్రలోభం తప్పదు. విడివిడి పోలికలు 20 చేస్తే, ఎక్కడా నిజమైన తేడా లేకున్నా, కనీసం ఒకటి 0.05 కన్నా తక్కువ వచ్చే అవకాశం 64 శాతం. స్టాటిస్టిక్స్ నేర్చుకోవడానికి ఆర్ (R) వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కోడ్ రాయడం మంచి దారి. మెనూల్లో నొక్కుకుంటూ పోతే మూడు నెలల తర్వాత మీరే మళ్లీ అదే అంకె రప్పించలేరు. అసలు డేటా రాకముందే కల్పిత డేటాతో కోడ్ నడిపి పెట్టుకోండి.

ట్రయల్‌లో కేటాయించిన గుంపు ప్రకారమే విశ్లేషించాలి. నిలబెట్టాల్సిన గుంపులో పడి, డెలీరియం వల్ల నిలబడలేకపోయినవారిని తీసేస్తే, పైన చెప్పిన కేస్ షీట్ల గుంటలోకే మళ్లీ దిగినట్టు. మొదటి పట్టికలో రెండు గుంపుల వయసుకూ, రక్తపోటుకూ పి-విలువలు పెట్టకండి. రాండమైజ్ చేశాక మిగిలిన తేడా యాదృచ్ఛికమని తెలిసిందే, దాన్ని పరీక్షించడంలో అర్థం లేదు. 5 రోజుల్లోపు చనిపోయినవారిని "డెలీరియం రాలేదు" అని లెక్కేయకుండా ఏం చేయాలో ప్రణాళికలోనే ఉండాలి.

పెద్ద ట్రయల్‌కు వెళ్లిన రోజున ఫలితం చెప్పే తీరు కూడా ముఖ్యం. 30 శాతం నుంచి 20కి తగ్గితే రిస్క్ నిష్పత్తి (20ని 30తో భాగిస్తే) 0.67, ఆడ్స్ నిష్పత్తి (డెలీరియం వచ్చినవారిని రానివారితో భాగించి రెండు గుంపులను పోలిస్తే) 0.58. రెండోదాన్ని చూసి "ప్రమాదం 42 శాతం తగ్గింది" అని రాసేవాళ్లు చాలామంది, అది తప్పు. తగ్గింది మూడో వంతు. పేషెంటుకు అర్థమయ్యే మాట ఇంకా సూటిగా ఉంటుంది: 10 మందిని తొందరగా నిలబెడితే ఒకరికి డెలీరియం తప్పుతుంది. దాని పక్కనే కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు విలువ ఉండగల పరిధి) ఇవ్వాలి. తేడా కనిపించకపోతే విశ్లేషణ తర్వాత పవర్ లెక్కించి సమర్థించుకోవద్దు. అది పి-విలువనే మరో వేషంలో చెబుతుంది, ఇంటర్వల్ వెడల్పు చూపించడమే నిజాయితీ.

రాయడం మెథడ్స్‌తో మొదలుపెట్టండి, అదీ డేటా సేకరణ జరుగుతుండగానే. అప్పుడు ఏం చేశారో గుర్తుంటుంది. తర్వాత పట్టికలు, ఫలితాలు, చర్చ, చివరికి పరిచయం, సారాంశం. ఎంతమందిని చూశారు, ఎంతమంది అర్హులు, ఎవరు ఎందుకు కాదన్నారు, ఎవరు మధ్యలో పోయారు అన్న ఫ్లో డయాగ్రాం కోసం మొదటి రోజు నుంచీ స్క్రీనింగ్ పుస్తకం నడపాలి. ఫీజిబిలిటీ అధ్యయనానికి ఆ పుస్తకమే ప్రధాన ఫలితం, దాన్ని తర్వాత కల్పించలేం.

రచయితల జాబితా ప్రోటోకాల్ దశలోనే మాట్లాడుకోండి. ఎడిటర్ల కమిటీ నియమం ప్రకారం నాలుగూ ఉండాలి: పనిలో గణనీయమైన పాత్ర, రాతలోనో విమర్శనాత్మక సవరణలోనో పాలు, తుది ప్రతికి ఆమోదం, మొత్తం పనికి జవాబుదారీతనం. విభాగాధిపతి కావడం ఇందులో లేదు. ఏ జర్నల్‌కు పంపాలో గైడ్లిద్దరితో తేల్చుకోండి. మూడు రోజుల్లో అంగీకారం ఇస్తామంటూ మెయిల్లో వచ్చే ఆహ్వానాల జోలికి పోవద్దు. పంపిన తర్వాత పేర్లు తీసేసిన డేటాను, కోడ్‌ను, ప్రోటోకాల్ అన్ని ప్రతులనూ, ఎథిక్స్ ఉత్తరాలనూ ఒకే ఫోల్డర్‌లో తేదీలతో సర్ది, సంస్థ చెప్పినన్నేళ్లు భద్రపరచండి. పెద్ద ట్రయల్ కోసం నిధులకు దరఖాస్తు పెట్టేవారు మీరైనా, మీ తర్వాతి బ్యాచ్ విద్యార్థి అయినా, మొదట అడిగేది ఆ ఫోల్డరే.